ఫోక్ పాటకి బీపీఎం ఎంత పెట్టాలి? అంతా గ్రిడ్‌లో ఉన్నా ఊపు ఎందుకు రాదు?

సంగం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగారు. ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫోక్ పాట చేస్తున్నాను. మా పిన్ని పాడింది. 'పెన్న గట్టు మీద పిల్ల గాలి వీచె' అనేది పల్లవి. 100 బీపీఎం పెట్టి డప్పు, డోలక్, క్లాప్ అన్నీ గ్రిడ్ గీతల మీదికి జరిపి క్వాంటైజ్ చేశాను. ఎక్కడా తప్పు లేదు, కానీ పాటకి ఊపు లేదు. 112కి పెంచాను, 125 దాకా వెళ్ళాను. పిన్నికి ఊపిరి అందడం లేదు, పాట మాత్రం లేవడం లేదు. ఫోక్‌కి సరైన బీపీఎం ఎంత? మా ఊరి డీజే అయితే 130 కావాలంటున్నాడు."

మీ పాటకి 100 బీపీఎం, అంటే నిమిషానికి వంద దెబ్బలు, సరిపోతుంది. దాన్ని కదపకండి. ఇబ్బంది వేగంలో లేదు, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉన్న జాగాని పంచిన తీరులో ఉంది. మీ పిన్నిగారు తిస్రంలో, అంటే దెబ్బని మూడు భాగాలు చేసి పాడుతున్నారు, మీ గ్రిడ్ (సాఫ్ట్‌వేర్‌లో దెబ్బలు పడే గీతలు) చతురస్రంలో, అంటే నాలుగు భాగాల్లో ఉంది. పియానో రోల్‌లో (నోట్లు పేర్చే కిటికీలో) స్నాప్‌ని, అంటే నోట్లు అతుక్కునే గీతల్ని, 1/3 బీట్‌కి మార్చి, డప్పునీ డోలక్‌నీ మళ్ళీ పేర్చండి. ఊపులో చాలా భాగం అక్కడే వచ్చేస్తుంది. మిగతాది బరువుల్లో, దెబ్బ పడే చోటులో ఉంటుంది. అన్నీ చెబుతాను.

నేను నెల్లూరులో చిన్న స్టూడియో నడుపుతున్నాను. అంతకు ముందు భజన మండళ్ళలో డోలక్ వాయించేవాణ్ణి. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా కోలాటం పాటలు, అయ్యప్ప భజనలు, జాతర పాటలు, ఇప్పుడు యూట్యూబ్ ఫోక్. వీటిలో తిస్రం బాగా ఎక్కువ. అందుకే మీ ప్రశ్న చదవగానే పల్లవిని ఒకసారి పైకి చదివి చూశాను.

మీరూ చదవండి. పెన్న, గట్టు, మీద, పిల్ల, గాలి, వీచె. స్కూల్లో గురువు, లఘువు గుర్తులు పెట్టే ఉంటారు కదా. గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. ఈ ఆరు మాటల్లో ప్రతిదీ గురువు, లఘువు, మొత్తం మూడు మాత్రలు. వరసగా ఆరు హగణాలు. అంటే పాట తన నడకని తానే చెబుతోంది. ఆరు దెబ్బలకి మాట అయిపోతుంది. ఆది తాళంలో ఎనిమిది దెబ్బలు కాబట్టి మిగిలిన రెండు దెబ్బలు పాడేవాళ్ళ ఊపిరికి, డప్పు జవాబుకి. జానపదం కట్టినవాళ్ళు ఈ లెక్కలేవీ వేసుకోరు, నోటితోనే సరిపెడతారు. మనం మాత్రం సాఫ్ట్‌వేర్‌కి లెక్కలోనే చెప్పాలి.

ఇప్పుడు ఆ లెక్క చూద్దాం. 60000ని బీపీఎంతో భాగిస్తే ఒక దెబ్బ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 100కి 600. దాన్ని నాలుగు చేస్తే గీతలు 0, 150, 300, 450 దగ్గర పడతాయి. మూడు చేస్తే 0, 200, 400. మీ పిన్నిగారి నోట్లో "పెన్న" అన్నప్పుడు ఆఖరి "న" పడేది సుమారు 400 దగ్గర. డప్పు చేత్తో వాయించినా అక్కడే పడుతుంది. మీరు నాలుగు భాగాల గ్రిడ్‌కి క్వాంటైజ్ కొట్టగానే 400లో ఉన్న దెబ్బ దగ్గరి గీత అయిన 450కి వెళ్ళిపోయింది. 200లో ఉన్న చిన్న దెబ్బ 150కి వచ్చేసింది. ఒకటి 50 ఆలస్యంగా, ఇంకోటి 50 తొందరగా పడుతోంది. మధ్యలో 200 ఉండాల్సిన సందు 300 అయింది. గొంతు మాత్రం 400 దగ్గరే ఉండిపోయింది. గొంతుకీ డప్పుకీ 50 మిల్లీసెకన్లు తేడా వస్తే చెవికి అవి రెండు వేరు చప్పుళ్ళుగా తెలుస్తాయి. మీరు "తప్పు లేదు కానీ ఊపు లేదు" అన్నది దీన్నే.

125కి పెంచినా ఎందుకు బాగుపడలేదో కూడా ఇందులోనే ఉంది. 125లో దెబ్బ 480. మూడో భాగం 320 దగ్గర పడాలి, మీ గ్రిడ్‌లో 360 దగ్గర పడుతుంది. తేడా 50 నుంచి 40 అయిందంతే. కుంటు అలాగే ఉంది, కుంటుతూ పరిగెత్తడం మొదలైంది. పిన్నిగారికి మాత్రం ఒక్కో లఘువుకి 200 ఉన్న చోట 160 మిగిలింది. "గట్టు", "పిల్ల" లాంటి ద్విత్వాలు నోట్లో ఆగి పలకాలి. ఆ కాస్త ఆగడానికి చోటు లేకపోతే మాట నలిగిపోతుంది, ఊపిరి తీసుకునే సందూ పోతుంది.

కొందరు ఇలాంటప్పుడు గ్రిడ్ మార్చకుండా స్వింగ్ నాబ్ తిప్పి సరిపెడతారు. స్వింగ్ చేసేది ఏమిటంటే, జంట దెబ్బల్లో రెండోదాన్ని కాస్త వెనక్కి జరపడం. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్‌ఎం-1 డ్రమ్ మెషీన్‌లోనే ఇది ఉంది, తర్వాత 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ60తో అందరికీ అలవాటైంది. జంట జాగాలో రెండో దెబ్బ ఎంత దూరంలో పడుతుందో చెప్పే ఆ లెక్కలో 50 శాతం అంటే అసలు స్వింగ్ లేనట్టు, 66 శాతం అంటే దాదాపు తిస్రం, 75 అంటే మీ 450 దగ్గర పడే కుంటు. 54 నుంచి 62 మధ్యలో ఉన్నది అటు చతురస్రమూ కాదు ఇటు తిస్రమూ కాదు, హిప్‌హాప్‌లో వినే ఆ ఒరుగు అక్కడే ఉంది. మీ పాట పూర్తి తిస్రం కాబట్టి నాబ్‌తో పని లేదు, గ్రిడ్డే మార్చండి. చతురస్రంలో ఉన్న పాటకి కొంచెం ఒయ్యారం కావాలంటే అప్పుడు స్వింగ్ తిప్పండి. ఒక జాగ్రత్త: వేగం మారిస్తే స్వింగ్ శాతాన్ని కూడా మళ్ళీ చెవితో చూసుకోవాలి. జాజ్ డ్రమ్మర్ల వాయింపుని కొలిచినవాళ్ళు కూడా వేగం పెరిగేకొద్దీ జంట దెబ్బలు సమానానికి దగ్గరవుతాయని చూశారు. నెమ్మది పాటలో బాగున్న స్వింగ్ వేగంలో గెంతులా వినిపిస్తుంది.

గతి (పాట నడక) తెలుసుకోవడానికి సాహిత్యాన్ని పైకి చదవడమే అన్నిటికన్నా సులువైన దారి. "చల్లని వెన్నెల కురిసే రాతిరి" అనుకోండి, నాలుగేసి మాత్రలు, తకధిమి. అక్కడ నాలుగు భాగాల గ్రిడ్ సరిగ్గా సరిపోతుంది. "చేను పండిన వేళ వచ్చెను" అంటే మూడు, నాలుగు, మూడు, నాలుగు. మిశ్రం, తకిట తకధిమి. గురజాడ ముత్యాల సరం నడక ఇదే. దాన్నే "పండిన చేను వచ్చెను వేళ" అని తిప్పి చదవండి. మాటలవే, వేగం అదే, మొత్తం ఏడు మాత్రలూ అవే, కానీ నాలుగు ముందొచ్చి మూడు వెనక్కి వెళ్ళింది. పాట నడక మొత్తం మారిపోయింది. కర్ణాటక సంగీతంలో దీన్ని విలోమ చాపు అంటారు. దీన్ని గొప్పగా వాడిన వాగ్గేయకారుడు శ్యామశాస్త్రిగారి పూర్వీకులు మన ఆంధ్రలోని కంభం ప్రాంతం నుంచే తమిళదేశం వెళ్ళారని చెబుతారు. మీటర్‌లో చూస్తే ఈ రెండిటికీ ఒకటే బీపీఎం. వినేవాళ్ళకి రెండూ వేరు వేరు పాటలు. అంకెకి తెలియనిది ఎంత ఉందో దీన్ని బట్టి చూడండి.

గ్రిడ్ తర్వాత బరువులు. డప్పు లూప్‌లో అన్ని దెబ్బలకీ వెలాసిటీ (దెబ్బ బలం) 100 పెడితే మూడు భాగాలు సరిగ్గా పడినా టైపు మిషన్‌లా ఉంటుంది. డప్పు వాయించేవాళ్ళ చేతులు గమనించండి. ఒక చేతిలో మందం కర్ర, ఇంకో చేతిలో సన్న పుల్ల. కర్ర మధ్యలో పడితే బరువైన మోత, పుల్ల అంచు మీద తగిలితే చిటపట. ఈ రెండు చేతులూ ఎప్పుడూ ఒకే బలంతో పడవు. తిస్రంలో నేను మామూలుగా మొదటి దెబ్బ 110 చుట్టూ, రెండోది 50 చుట్టూ, మూడోది 80 చుట్టూ పెట్టి అక్కడి నుంచి చెవితో దిద్దుకుంటాను. రెండో దెబ్బ దాదాపు వినీ వినపడనట్టు ఉండాలి. అది తీసేస్తే మాత్రం పాట వెలితిగా ఉందని వెంటనే తెలుస్తుంది. వీలైతే ప్రతి దెబ్బకీ ఒకే శాంపిల్ కాకుండా గట్టి దెబ్బకి ఒకటి, మెత్తటి దెబ్బకి వేరొకటి వాడండి. మెత్తటి దెబ్బ అంటే సౌండ్ తగ్గించిన గట్టి దెబ్బ కాదు, దాని మోతే వేరు.

బరువు మార్చి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. రెండు దెబ్బల జాగాలో ఆరు చిన్న భాగాలున్నాయి. ఒకటి, నాలుగు మీద బరువు పెడితే మూడు మూడుగా నడుస్తుంది, భజన డోలక్ వాళ్ళు దాద్రా అనేది అదే. అవే ఆరు భాగాల్లో ఒకటి, మూడు, అయిదు మీద బరువు పెడితే రెండు రెండుగా నడిచి పాట ఒక్కసారిగా వేగం అందుకున్నట్టు ఉంటుంది. మీటర్ మీద 100 అలాగే ఉంటుంది. దీన్ని గుర్తు పెట్టుకోండి, డీజే ప్రశ్నకి మళ్ళీ పనికొస్తుంది.

మూడోది గ్రిడ్‌కి అటూ ఇటూ. ఇక్కడ చాలామంది హ్యూమనైజ్ బటన్ నొక్కి వదిలేస్తారు. అది దెబ్బల్ని ఇష్టం వచ్చినట్టు చెదరగొడుతుంది. మంచి వాయిద్యగాడి చెయ్యి అలా చెదరదు. అతని క్లాప్ ప్రతిసారీ ఒకే మాదిరి కాస్త వెనక పడుతుంది, పుల్ల ప్రతిసారీ కాస్త ముందు పడుతుంది. ఆ అలవాటే ఊపు. అమెరికా సంగీత నిర్మాత జె డిల్లా డ్రమ్స్ విన్నా అదే కనిపిస్తుంది, గ్రిడ్ నుంచి పక్కకి జరిగి ఉంటాయి కానీ ఎక్కడికి జరగాలో తెలిసి జరిగి ఉంటాయి. మీ పాటలో క్లాప్ ట్రాక్ మొత్తాన్ని 10 నుంచి 15 మిల్లీసెకన్లు వెనక్కి జరిపి చూడండి, గుంపు చప్పట్లలా ఒళ్ళు వదులుగా వస్తుంది. సుమారు 30 దాటితే రెండు దెబ్బలుగా విడిపోతాయి, అంతదాకా పోవద్దు. డోలక్ గుమ్ము, కిక్ (డ్రమ్ కిట్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్) రెండూ వాడుతుంటే మాత్రం ఆ రెండిటినీ కలిపి ఒకే చోట ఉంచండి. కింద పునాది కదలకుండా ఉంటేనే పైన జరిగినవాటికి అందం.

మీరు డప్పుని కీబోర్డ్ మీద చేత్తో కొట్టి రికార్డ్ చేసి ఉంటే, క్వాంటైజ్‌ని నూటికి నూరు శాతం పెట్టకండి. ముందు గ్రిడ్‌ని తిస్రం చేసి, బలం 50, 60 శాతం దగ్గర పెడితే తప్పులు సర్దుకుంటాయి, చెయ్యి మిగులుతుంది. ఎఫ్‌ఎల్‌లో ఇంకో సంగతి ఉంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్ (ఒక దెబ్బని ఎన్ని అడుగులుగా విడగొట్టాలో చెప్పే అంకె) మామూలుగా 96 ఉంటుంది. 100 బీపీఎంలో అంటే ఒక్కో అడుగు 6.25 మిల్లీసెకన్లు. ఇంత సన్నటి పని చేసేటప్పుడు అది ముతక. పాట మొదలుపెట్టే ముందే దాన్ని పెంచుకోండి.

బయటి వాళ్ళ పాటలు 6/8లో, అంటే బార్‌కి ఆరు చిన్న భాగాల లెక్కలో, తెరిచేవాళ్ళకి ఇంకో చిక్కు. చాలా సాఫ్ట్‌వేర్లు టైమ్ సిగ్నేచర్ 6/8 పెట్టినా బీపీఎంని పావు నోటు (రెండు చిన్న భాగాలు) లెక్కలోనే చూపిస్తాయి. మీ పాటని అలా పెడితే 100కి బదులు 150 అని రాయాలి. వేగం ఒకటే, అంకె మాత్రం వేరు. ఎవరైనా "ఫోక్ అంటే 150 ఉండాలి" అంటే ముందు ఏ లెక్కలో చెబుతున్నారో అడగండి. అందుకే "ఫోక్‌కి సరైన బీపీఎం" అని ఒక అంకె ఇవ్వలేను. అమ్మలక్కలు కోలాటం వేసే పాటలు మా దగ్గర 90 నుంచి 110 లోపల ఎక్కువగా కుదిరాయి. అది మా దగ్గరికి వచ్చిన పాటల లెక్క, మీ పాటకి శాసనం కాదు.

మరి వేగం ఎలా నిర్ణయించాలి? నేను చేసేది చెబుతాను. క్లిక్ లేకుండా, చేతాళం మాత్రం వేసుకుంటూ పాడమంటాను. అందులోనూ పల్లవి దగ్గర కాదు, చరణాల్లో మాటలు అన్నిటికన్నా ఒత్తుగా ఉన్న వరస ఎక్కడుందో అక్కడ ట్యాప్ చేసి చూస్తాను. ఆ వరస నలగకుండా వచ్చే వేగమే పాట వేగం. పల్లవి దగ్గర అందరూ హుషారుగా ఎత్తుకుంటారు, దాన్ని నమ్మి వేగం పెట్టేస్తే రెండో చరణానికి గొంతు వెనకబడుతుంది. పాడేవాళ్ళు నిలబడి, అడుగు వేస్తూ పాడితే ఇంకా మంచిది. కోలాటం పాట అయితే కోలలు చేతికిచ్చే పాడిస్తాను.

ఆ తర్వాత క్లిక్. పల్లెల్లో డప్పు, డోలు వాయించేవాళ్ళకి హెడ్‌ఫోన్‌లో టిక్ టిక్ పెడితే చేతులు బిగుసుకుపోతాయి. ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒక డప్పు బృందంతో ఇది స్పష్టంగా చూశాను. బయట వరండాలో వాయించి చూపించినప్పుడు గోడలు అదిరాయి, లోపల క్లిక్ వేసుకోగానే ఎవరో అప్పగించిన పాఠంలా వాయించారు. టిక్ తీసేసి, దాని బదులు తిస్రంలో తాళాల చప్పుడు, మొదటి దెబ్బ గట్టిగా మిగతావి మెత్తగా, ఒక చిన్న లూప్ చేసి వినిపించాం. అదే వేగం. రెండో టేక్‌కి వరండాలో ఉన్న ఊపు లోపలికి వచ్చింది. క్లిక్ దెబ్బ ఎక్కడుందో మాత్రమే చెప్పింది. తాళాలు దెబ్బల మధ్య సంగతి కూడా చెప్పాయి. మీ పిన్నిగారి గొంతు మళ్ళీ తీసేటప్పుడు కూడా టిక్ బదులు ఇలాంటి లూప్ ఇవ్వండి.

రికార్డింగ్‌కి సంబంధించి ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో గొంతు కానీ డప్పు కానీ రికార్డ్ చేయొద్దు. అందులో శబ్దం తరచూ 100 మిల్లీసెకన్లకి పైనే ఆలస్యంగా వస్తుంది, పాడేవాళ్ళు ఎంత లయగా పాడినా అంత వెనక పడతారు. వైరు హెడ్‌ఫోన్ వాడండి. సౌండ్ కార్డ్ బఫర్ (ఒక్కో విడతలో పంపే శాంపిళ్ళ సంఖ్య) 512 ఉంటే, సెకనుకి 44100 శాంపిళ్ళ దగ్గర ఒక్క వైపుకే 11.6 మిల్లీసెకన్లు. రికార్డ్ చేసేటప్పుడు 128కి తగ్గించండి, మిక్సింగ్‌లో మళ్ళీ పెంచుకోండి.

పాట చివరకి వచ్చేసరికి ఊపు పెరగాలంటే మొదట పెంచాల్సింది దెబ్బల సంఖ్య. కచేరీలో కాలప్రమాణం కదలకుండా రెండో కాలంలో పాడతారు చూడండి, అదే పద్ధతి. మొదటి చరణంలో డోలక్ ఒక్కటే, రెండో చరణంలో గజ్జెలు, మూడోసారి పల్లవికి డప్పు పూర్తిగా. డోలక్ గుమ్ము తోక పొడుగ్గా ఉంటే తర్వాతి దెబ్బ మీద పడి పాటని వెనక్కి లాగుతుంది, దాన్ని కత్తిరించినా పాట వేగంగా వినిపిస్తుంది. అయితే చెక్కభజన, కోలాటాల్లో చివర నిజంగానే వేగం అందుకుంటారు. అది ఆ కళ స్వభావం, దాన్ని ఒకే అంకెకి కట్టేయడం నాకు ఇష్టం ఉండదు. అలాంటి పాటని టెంపో ఆటోమేషన్‌తో (పాట మధ్యలో బీపీఎం దానంతట అదే మారేలా పెట్టడం) 96లో మొదలుపెట్టి చివరి రెండు పల్లవుల్లో మెల్లగా 104 దాకా తీసుకెళ్ళండి. ఒక్కసారిగా దూకిస్తే తెలిసిపోతుంది, ఎనిమిది పదహారు బార్ల మీద పాకించాలి. ముందే బయట రికార్డ్ చేసిన పాట వస్తే దాన్ని గ్రిడ్‌కి సాగదీయకండి, గ్రిడ్‌నే పాట వెంట నడిపించండి. టెంపో మ్యాప్ చేయడం ఓపిక పని, కానీ గొంతు చెక్కు చెదరదు.

ఇక డీజే అడిగిన 130. పాడిన గొంతుని 100 నుంచి 130కి సాగదీస్తే, అంటే 30 శాతం, మాట పాడవుతుంది, డప్పు దెబ్బ అంచు అరిగిపోతుంది. అయిదారు శాతం దాకా నేను ఒప్పుకుంటాను, అంటే 105, 106. అంతకు మించి కావాలంటే పల్లవిని మాత్రం ఆ వేగంలో మళ్ళీ పాడించి, చరణాలు వదిలేసి డీజే వెర్షన్ విడిగా చేయాలి. దానికన్నా నాకు నచ్చిన దారి ఇంకోటి ఉంది. పాటని 100లోనే ఉంచి, చరణానికీ పల్లవికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్‌లో నాలుగు బార్ల పాటు కిక్‌ని ఇందాక చెప్పిన రెండు రెండు లెక్కలో వేయండి. రెండు దెబ్బల జాగాలో మూడు కిక్కులు. ఆ నాలుగు బార్లూ ఎగిరేవాళ్ళ కాళ్ళకి 150 తగులుతుంది. పల్లవి ఎత్తుకోగానే కిక్ మళ్ళీ తిస్రానికి దిగుతుంది. పిన్నిగారు ఒక్క మాట కూడా తొందరపడి పాడక్కర్లేదు.

అలా చేస్తే డీజేకి ఇచ్చే ఫైల్ పేరులోనే 100 అని రాసి ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను లెక్కేసుకుంటే తిస్రం పాటని 150 అనో ఇంకో అంకె అనో పొరబడటం మామూలే. బీట్ గ్రిడ్‌ని అతను మొదటి డప్పు దెబ్బ మీద చేత్తో పెట్టుకోవాలి.